అరకు కొండల్లో తప్పిపోయిన సున్నా

విశాఖలో పొద్దున్నే కిరండూల్ పాసింజరు ఎక్కేవాళ్లలో సగానికి పైగా కిటికీ కోసమే ఎక్కుతారు. సొరంగాలు, లోయలు, బొర్రా గుహలు, దిగగానే బొంగు చికెన్, సాయంత్రానికి తిరుగు బస్సు. నా సంచి తెరిచి ఉండటం చూసిన పక్క సీటు పెద్దాయనకి మాత్రం అనుమానం వచ్చింది. అందులో కారు హెడ్‌లైటు బల్బు, బ్రేకు లైటు బల్బు, రెండు ఇత్తడి దిమ్మల మధ్య రేకులు అతికించిన ఓ బరువైన వస్తువు, క్రొకడైల్ క్లిప్పుల తీగల చుట్ట ఉన్నాయి. “మెకానిక్కా బాబూ?” అన్నాడు. అవుననేశాను. బ్యాటరీలో ఎంత మిగిలిందో చెప్పే గేజ్ ఒకటి కొండ మీద తప్పుడు లెక్క చెబుతోందని, దాని సంగతి చూడ్డానికి వెళ్తున్నానని వివరించడం కన్నా అదే సులువు.

డుంబ్రిగుడ మండలంలో, చాపరాయి జలపాతం దాటి ఇంకా లోపలికి, కొండవాలున ఉన్న ఒక చిన్న ఊళ్లో ఆరోగ్య ఉపకేంద్రం ఉంది. కరెంటు లైను ఉంది, కానీ వానాకాలంలో గాలి వీస్తే కొమ్మ విరుగుతుంది, కొమ్మ తీగ మీద పడితే ఊరంతా చీకటి. అందుకని మిత్రులు కొందరు చందాలు వేసుకుని అక్కడో సోలార్ పెట్టె పెట్టించారు. పైకప్పు మీద ప్యానెల్, లోపల 100 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, దాని మీద నడిచే లైట్లు, ఒక ఫ్యాను, రికార్డులు పంపడానికి ఇంటర్నెట్ పెట్టె. ముందు వైపు చిన్న తెర మీద బ్యాటరీ శాతం, లోపలికొచ్చే పోయే కరెంటు కనిపిస్తాయి. ఎండాకాలమంతా వంక పెట్టడానికి లేకుండా పనిచేసింది. వానలు పట్టాక మొదలైంది గోల. తెర మీద 43 శాతం అని వెలుగుతుండగానే లైట్లు ఠక్కున ఆరిపోయాయి. నర్సమ్మ ఎవరికో గాయానికి కట్టు కడుతున్న వేళ మళ్లీ అదే జరిగింది. పెట్టె తయారుచేసినవాళ్లు ఫోన్లోనే రోగ నిర్ధారణ చేసేశారు: బ్యాటరీ పోయింది, కొత్తది వేయించండి. బ్యాటరీ ధర తెలిసిన మిత్రులు నాకు ఫోన్ చేశారు.

కొత్తవలస దగ్గర రైలు పెద్ద లైను వదిలి కొండల వైపు తిరుగుతుంది. ఇదే కె.కె. లైను, అంటే కొత్తవలస–కిరండూల్ లైను. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపాన్‌కు పంపడం కోసం 1960ల్లో వేసిన దారి ఇది. మనుషులు ఎక్కడం తర్వాతి మాట. ఇప్పటికీ ఎదురుగా ఖనిజం బండి వస్తోందంటే మన బండి పక్కకు తప్పుకుని బుద్ధిగా నిలబడాల్సిందే.

విజయనగరం జిల్లాలోకి వచ్చానంటే నాకు ఇనుము కన్నా మాంగనీసు గుర్తొస్తుంది. గరివిడి, గర్భాం వైపు మాంగనీసు తవ్వకాలు 1890లలోనే మొదలయ్యాయి. దాదాపు ఆ రోజుల్లోనే, 1892లో, అమెరికాలో ఎడ్వర్డ్ వెస్టన్ అనే కొలత పరికరాల నిపుణుడు రాగిలో మాంగనీసు, కాస్త నికెల్ కలిపి మాంగనిన్ అనే మిశ్రలోహాన్ని తయారుచేశాడు. వేడెక్కినా చల్లబడినా దాని నిరోధం దాదాపు మారదు. రాగి అలా కాదు, డిగ్రీకి 0.4 శాతం చొప్పున మారిపోతూ ఉంటుంది. కరెంటును నమ్మకంగా కొలవాలంటే మారని నిరోధం కావాలి. అందుకే నా సంచిలో ఇత్తడి దిమ్మల మధ్య ఉన్న రేకులు ఆ లోహానివి. ఆ వస్తువును షంట్ అంటారు. సోలార్ పెట్టెలోనూ ఆ జాతిదే చిన్నది ఒకటి ఉంటుంది. వెస్టన్ వాడిన మాంగనీసు మన నేలదని నేననడం లేదు. రెండు సంగతులూ ఒకే కాలంలో జరిగాయని గుర్తొస్తే సరదాగా ఉంటుంది, అంతే.

శృంగవరపుకోట దాటి బొడ్డవర వచ్చేసరికి కొండ ఎక్కడం మొదలవుతుంది. ఆ పైన యాభైకి పైగా సొరంగాలు. ప్రతి సొరంగంలో కుర్రాళ్ల కేకలు, ఈలలు. వెలుతురు వచ్చాక ఏమీ ఎరగనట్టు కూర్చుంటారు. ఎదురు సీట్లో డిగ్రీ చదివే అమ్మాయి వీడియో తీస్తోంది. శివలింగపురం దాటాక ఆమె ఫోను 18 శాతం చూపిస్తూనే ఆగిపోయింది. “ఇంకా పద్దెనిమిది ఉంది కదండీ!” అని మా అందరి వైపూ చూసింది, న్యాయం చెప్పమన్నట్టు.

న్యాయం ఏమిటంటే, బ్యాటరీలో ఎంత ఉందో లోపలికి తొంగి చూసే ఉపాయం ఏ ఫోనుకూ లేదు. కరెంటు వెళ్లే దారిలో అతి చిన్న నిరోధం పెట్టి, దాని రెండు కొసల మధ్య పుట్టే వోల్టేజిని కొలిచి, దాన్నిబట్టి ఎంత కరెంటు పారుతోందో లెక్కగట్టి, ఆ కరెంటును క్షణక్షణం కూడుకుంటూ తీసేసుకుంటూ పోతుంది గేజ్ చిప్. కూలుంబ్ అనే శాస్త్రవేత్త పేరు మీద దీన్ని కూలుంబ్ లెక్క అంటారు. ఆ అమ్మాయి ఫోనులో లెక్క బాగానే ఉండి ఉండొచ్చు. ఫోను పాతబడింది, బ్యాటరీ లోపలి నిరోధం పెరిగింది. కొండల్లో సిగ్నల్ కోసం రేడియో ఒక్కసారి గట్టిగా లాగేసరికి వోల్టేజి కూలబడి ఫోను ఆగిపోయింది. అది వయసు జబ్బు. నేను చూడబోయేది వేరే జబ్బు కావచ్చని అప్పటికే అనుకుంటున్నాను, ఎందుకంటే ఏడాది కూడా నిండని లిథియం బ్యాటరీ అంత తొందరగా ముసలిదవదు.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌తో ఇంకో చిక్కుంది. పాత ఇన్వర్టర్ బ్యాటరీకైతే వోల్టేజి చూసి ఎంత ఉందో ఉరమరగా చెప్పొచ్చు. దీనికి అది కుదరదు. సెల్లులో 80 శాతం ఉన్నా 40 శాతం ఉన్నా వోల్టేజి 3.2, 3.3 దగ్గరే తచ్చాడుతుంది. చివర్లో మాత్రమే దబ్బున పడిపోతుంది. కాబట్టి మధ్యదారి అంతా గేజ్ పెట్టే లెక్కే దిక్కు. లెక్క తప్పితే సరిచేసుకునే చోటు ఒక్కటే: నిండా ఛార్జయినప్పుడు. నాలుగు సెల్లుల బ్యాటరీ 14.6 వోల్టులకు చేరి, ఛార్జింగ్ కరెంటు సన్నబడితే, గేజ్ పాత లెక్కలన్నీ కొట్టేసి 100 అని కొత్త పేజీ మొదలుపెడుతుంది.

శిమిలిగుడ. 996 మీటర్ల ఎత్తు. ఒకప్పుడు దేశంలోని బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నింటిలోకీ ఎత్తైనదని పేరుండేది. ఆశ్వయుజం వచ్చినా వానలు తగ్గలేదు, ప్లాట్‌ఫారం మీద మబ్బు నడుస్తోంది. కిటికీలోంచి చెయ్యి బయటపెడితే తడి. ఈ మబ్బు చూశాకే పెట్టె ఎండాకాలంలో ఎందుకు బుద్ధిగా ఉందో తట్టింది. విశాఖ డాబా మీద అయినా, ఎండాకాలం అరకులో అయినా బ్యాటరీ రోజూ మధ్యాహ్నానికి నిండుతుంది. రోజూ నిండితే రోజూ తప్పు మాఫీ. ఇక్కడ లైనూ పోయి, పది రోజులు సూర్యుడూ కనిపించకపోతే పది రోజుల తప్పూ పోగుపడుతుంది.

అరకులో దిగేసరికి సంత సందడి. మిరియాలు, పసుపు, పిప్పళ్లు, రాజ్మా గింజలు గోనెపట్టాల మీద కుప్పలు. జీపు కోసం నిలబడ్డ చోటే ఒక కొనుగోలుదారు ఎలక్ట్రానిక్ తూకం పెట్టుకుని పసుపు కొంటున్నాడు. ఒక ముసలమ్మ తన బుట్ట ఇవ్వలేదు. ముందు పళ్లెం మీదున్న ఖాళీ సంచి తియ్యమంది. తీశాడు. తెర మీద మైనస్ అంకె వచ్చింది. “సున్నా ఎయ్యి, అప్పుడు తూచు” అంది. అతను నవ్వుతూ సున్నా నొక్కాడు. ఇద్దరి మధ్యా కోపమేమీ లేదు, రోజూ ఉండే వ్యవహారమే అన్నట్టుంది.

జీపులో పదిహేను మందిమి. డుంబ్రిగుడ దాకా తారు రోడ్డు, ఆ తర్వాత రోడ్డు అనుకోవడం మన మంచితనం. రెండు పక్కలా సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియం తీగలు, కింద కాఫీ మొక్కలకు పచ్చి కాయలు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీ ఇదే. పల్లపు చేలల్లో అక్కడక్కడ వలిసె పూలు పసుపు రంగు తేలుతున్నాయి. ఇంకొన్నాళ్లకు ఫొటోలు తీసుకునేవాళ్లతో ఆ చేలు నిండిపోతాయి.

ఉపకేంద్రం రెండు గదుల ఇల్లు. నర్సమ్మ నన్ను కూర్చోబెట్టి చోడి అంబలి ఇప్పించి, ఆ తర్వాత ఒక రూళ్ల పుస్తకం తెచ్చింది. టీకాల రిజిస్టరుకు గీసినట్టే స్కేలుతో గళ్లు గీసింది. తేదీ, రాత్రి పడుకోబోయే ముందు శాతం, తెల్లారి లేచాక శాతం, ఎండా మబ్బా. ఎవరూ రాయమనలేదట. లైట్లు ఆరడం మొదలయ్యాక తనే రాసుకుంటోంది. నేను పేజీలు తిప్పుతుంటే ఆమె వేలు పెట్టి చూపించింది. “ఇది చూడండి సార్. రేత్రి అరవై రెండు. తెల్లారి అరవై రెండే. ఆ ఇంటర్నెట్ పెట్టె రేత్రంతా ఎలుగుతానే ఉంటాది. మరి దానికి కరెంటు ఎక్కణ్ణుంచొస్తాది?”

నిజానికి కేసు అక్కడే తేలిపోయింది. నా సంచి తెరవడం రుజువు కోసం.

ఊళ్లో మోటార్లు, టీవీలు బాగుచేసే కుర్రాడు తన క్లాంప్ మీటరుతో అప్పటికే ఒకసారి చూశాడు. ఒక్కోసారి ఒక్కో అంకె వస్తోందన్నాడు. వస్తుంది మరి. తీగ చుట్టూ దవడలా మూసే ఈ మీటరు అయస్కాంత క్షేత్రాన్ని చూసి కరెంటు చెబుతుంది. డీసీ కొలిచేటప్పుడు భూమి అయస్కాంతత్వం కూడా అందులో కలుస్తుంది. తీగ ఏమీ లేకుండా, చేతిలో తూర్పుకు తిప్పితే ఒక అంకె, ఉత్తరానికి తిప్పితే ఇంకో అంకె చూపించాను. కుర్రాడు మీటరు పట్టుకుని అక్కడే గుండ్రంగా తిరిగి చూసుకున్నాడు. పెద్ద కరెంట్లకు ఇది చాలు, మా వెతుకులాటకు చాలదు.

బ్యాటరీ నెగటివ్ తీగలో నా షంట్‌ను వరసలో కలిపాను. ఇక పెట్టెలోని షంట్‌లో ఎంత పారితే నా దాన్లోనూ అంతే పారాలి. నాది 50 ఆంపియర్లకు 75 మిల్లీవోల్టులిచ్చే రకం. అంటే ఆంపియరుకు ఒకటిన్నర మిల్లీవోల్టు. ప్యానెల్ తీగలు, లైట్లు, ఇంటర్నెట్ పెట్టె అన్నీ విప్పి, హెడ్‌లైటు బల్బు ఒక్కటే తగిలించాను. ఫిలమెంటు చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ లాగుతుంది కాబట్టి కాసేపు వెలగనివ్వాలి. గది పసుపు వెలుగుతో నిండింది, బయట పిల్లలు గుమ్మంలో చేరారు. మల్టీమీటరు 7.35 మిల్లీవోల్టుల దగ్గర నిలబడింది. లెక్కన 4.90 ఆంపియర్లు. పెట్టె తెర మీద 4.72.

దాదాపు 4 శాతం తక్కువ. సాధారణంగా ఇక్కడే చాలామంది తొందరపడతారు. ల్యాప్‌టాప్ తగిలించి, గెయిన్ అనే గుణకాన్ని పెంచి, 4.72ను 4.90 చేసేసి, కాలిబ్రేషన్ అయిపోయిందని టీ తాగుతారు. ఒక్క కొలతతో గెయిన్ ముట్టుకోకూడదు. హెడ్‌లైటు తీసి బ్రేకు లైటు బల్బు పెట్టాం. నా మీటరు 2.70 మిల్లీవోల్టులు, అంటే 1.80 ఆంపియర్లు. తెర 1.62. ఈసారి లోటు 10 శాతం! గెయిన్ తప్పయితే పెద్ద కరెంటులోనూ చిన్న కరెంటులోనూ ఒకే శాతం తేడా రావాలి. ఇక్కడ శాతాలు కలవలేదు, కానీ తీసివేత చూడండి: అక్కడా 0.18, ఇక్కడా 0.18. గెయిన్ పెంచి మొదటిదాన్ని సరిచేసి ఉంటే రెండోది 1.68 చూపించి మళ్లీ తప్పేది.

కుర్రాడికి ఇంకో సందేహం వచ్చింది, మంచిదే వచ్చింది: షంట్ దగ్గర టంకం సరిగా అంటుకోకపోతే? భూతద్దంతో చూశాం, శుభ్రంగానే ఉంది. అసలు అది కారణం కాదని అంకెలే చెబుతున్నాయి. పెట్టెలో షంట్ విలువ ఒక్క మిల్లీఓమ్. దానికి టంకం నిరోధం పదో వంతు కలిసినా వోల్టేజి పదో వంతు పెరిగి, గేజ్ కరెంటును ఎక్కువ చూపిస్తుంది. మనకు తక్కువ చూపిస్తోంది. చలికి మారిందంటారా, మాంగనిన్ అలా మారదు.

బ్రేకు లైటు కూడా తీసేశాం. ఇప్పుడు బ్యాటరీకి ఏదీ లేదు. ప్యానెల్ తీగ నా చేతిలో ఉంది, కొస గాలిలో. బయట చీకటి పడింది. పెట్టె తెర మీద: ఛార్జింగ్, 0.18 ఆంపియర్.

దేన్నుంచీ ఛార్జింగ్? గుమ్మంలో పిల్లల్లో ఒకడు నవ్వాడు.

ఇంటర్నెట్ పెట్టె తీగ ఒక్కటే మళ్లీ తగిలించాను. నా మీటరు మీద 0.27 మిల్లీవోల్టు, అంటే సరిగ్గా 0.18 ఆంపియర్. పెట్టె తెర మీద చల్లగా 0.00. కార్ఖానాలో ఈ పెట్టెకు సున్నా నేర్పినప్పుడు ఇంటర్నెట్ పెట్టె తగిలించే ఉంది. దానికి స్విచ్ లేదు, తగిలిస్తే వెలగడమే. చిప్‌కు “ఇప్పుడేమీ పారడం లేదు, ఇదే సున్నా” అని ఆజ్ఞ ఇచ్చారు, అది నమ్మింది. సంతలో ముసలమ్మ పళ్లెం మీది సంచి తియ్యమన్నది ఇందుకే. అప్పట్నుంచి గంటగంటకూ 0.18 ఆంపియర్ లెక్కలోకి రాకుండా పోతోంది. రోజుకు 4.3 ఆంపియర్-అవర్లు. ఎండ లేని పది రోజులకు 43. వంద ఆంపియర్-అవర్ల బ్యాటరీలో 43 శాతం. నర్సమ్మ పుస్తకంలో లైట్లు ఆరిన నాటి అంకె చూసుకున్నాం. మబ్బులు పట్టి పదో రోజు. 43.

బ్యాటరీ నిక్షేపంగా ఉంది. ఖాళీ అయినప్పుడు ఖాళీ అయింది, అంతే.

సరిచేయడం చిటికెలో పని, క్రమం తప్పకపోతే. అన్ని తీగలూ విప్పి, నా మల్టీమీటరు సున్నా చూపిస్తోందని కళ్లతో చూసుకుని, ల్యాప్‌టాప్ నుంచి ముందు చిప్ లోపలి ఆఫ్‌సెట్ (సున్నా దగ్గరి తేడా), తర్వాత బోర్డు ఆఫ్‌సెట్ తీయించాను. గెయిన్ ఎప్పుడూ ఆఖరి మాట. సున్నా తప్పుగా ఉండగా గెయిన్ సరిచేస్తే రెండు తప్పులు పెనవేసుకుంటాయి, విడదీయడం నరకం. మళ్లీ హెడ్‌లైటు: నా లెక్క 4.90, తెర 4.89. బ్రేకు లైటు: రెండూ 1.80. గెయిన్ జోలికి పోలేదు. ఇంటర్నెట్ పెట్టె తగిలించగానే తెర మీద మైనస్ 0.18 వచ్చింది. “ఇప్పుడు తింటన్నట్టు చూపిస్తంది” అంది నర్సమ్మ.

ఆ రాత్రి అదృష్టవశాత్తూ లైను కరెంటు వచ్చింది. పెట్టెలో లైను కరెంటుతో నింపే ఛార్జరు కూడా ఉంది. అది రాత్రంతా నడిచి, మర్నాడు పొద్దెక్కాక 14.6 వోల్టుల దగ్గర కరెంటు సన్నబడి, తెర తనంతట తానే 100 వేసుకుంది. నేను చాపరాయి చూడకుండానే తిరుగు జీపెక్కాను. బండరాళ్ల మీద నీళ్లు పారుతున్న చప్పుడు దారి పొడుగునా వినిపించింది. చూడాలంటే దిగాలి, దిగితే జీపు పోతుంది.

తర్వాత మళ్లీ మబ్బులు పట్టాయి. నర్సమ్మ ఫోన్ చేసి చెప్పింది: శాతం 20కి దిగిందని, చూసి ఫ్యాను ఆపేసిందని, ఇంటర్నెట్ పెట్టెకు కుర్రాడి చేత స్విచ్ పెట్టించి రాత్రిళ్లు కట్టేస్తోందని. లైట్లు ఆరలేదు. తయారీదారుకు మా అంకెలన్నీ రాసి పంపాం. చూస్తామన్నారు. కొత్త పెట్టెలకు చూస్తారేమో కానీ, ఇదే పద్ధతిలో సున్నా నేర్పిన పాత పెట్టెలు ఏ బడికి, ఏ ఉపకేంద్రానికి చేరాయో మాకు చెప్పలేదు.

అందుకని కొండ ప్రాంతాల్లో సోలార్ పెట్టెలు చూసుకునేవాళ్లకు ఒక మాట. శాతం ఉండగానే లైట్లు ఆరుతున్నాయంటే బ్యాటరీ మార్చమని రాసేముందు, చీకటి పడ్డాక ప్యానెల్‌తో సహా తీగలన్నీ విప్పి తెర మీద కరెంటు ఎంత చూపిస్తోందో చూడండి. సున్నా కాకపోతే కొత్త బ్యాటరీ డబ్బులు ఖర్చుపెట్టకండి, ముందు సున్నా వేయించండి.